మడ్డి కట్ట మీద వంద లెక్క

చూపు 4,108. మొదటి పగలు.
ఊట: గంటకు 31 బిందెలు. రంగు: తేట.

ఈ పుస్తకంలో రోజుకు రెండే ముక్కలు రాయాలి. ఊట ఎంత వచ్చింది, ఏ రంగులో వచ్చింది. మిగతా పేజీ ఖాళీగా వదిలేయాలట. ఖాళీ పేజీ చూస్తే నాకు ఒళ్ళు మంట. కాగితం వీళ్ళ తాత సొత్తేమీ కాదు కదా. నేను రాస్తాను, ఇష్టమున్నవాళ్ళు చదువుకుంటారు.

పొద్దున్నే ఊట కాలువలో నాచు తీశాను. పంపు మూతికి చుట్టుకున్న గోనెపీచు లాగేశాను. కట్ట ఎంత గట్టిగా కట్టినా దాని పాదం దగ్గర నీళ్ళు ఊరక మానవు. ఊరిన నీళ్ళను కాలువలో పట్టి, బావిలోకి మళ్ళించి, పంపుతో మళ్ళీ కట్ట వెనకాలకే ఎత్తిపోయాలి. ఒక్క చుక్క కూడా కట్ట కింద మేముండే దిగువ లైను ఇళ్ళ వైపు పోకూడదు. ఆకాశంలో నిలబెట్టిన అద్దానికి పూసే లోహం కోసం ఇక్కడ కొండను పిండి చేస్తారు. లోహమేమో పైకి పోతుంది, విషపు మడ్డి ఈ కట్ట వెనకాల మా నెత్తిన మిగులుతుంది. ఆ అద్దం పుణ్యమా అని మాకు చీకటి కూడా లేకుండా పోయింది. సూర్యుడు దిగాడంటే అది ఎక్కుతుంది. మొదటి పగలు, అంటే సూర్యుడి పగలు, చూపు నాది. అద్దపు పగలు చూపు నాతో పనిచేసే మద్దిలేటిది.

చూపు అంటే ఏమీ లేదు. ఇత్తడి చెంబుతో ఊట ముంచాలి. మైకు ముందు కూర్చుని, ఊపిరికి ఒకటి చొప్పున వంద లెక్కపెట్టాలి. పైన తేరిన నీళ్ళు గాజు గ్లాసులోకి వంచి చూడాలి. అడుగున మిగిలినవి ఊటలోనే పోసేసి, "ఊట వాటా ఊటకు" అనాలి. అప్పుడు మైకులో "తేట" అని చెబితే, దిగువ లైనులో నాలుగు వందల పన్నెండు ఇళ్ళవాళ్ళు నిశ్చింతగా పొయ్యి వెలిగిస్తారు. పిల్లలంతా నాతోబాటే లెక్కపెడతారు. మా లైనులో ఏ పిల్లకైనా అక్షరాలకంటే ముందు వంద వచ్చేస్తుంది.

యంత్రాలు లేక కాదు. బిందెలు అవే లెక్కపెడతాయి. రంగు మాత్రం మనిషే చూడాలి, మనిషే నోటితో చెప్పాలి. ముప్పై ఎనిమిదేళ్ళ కింద పాత కట్ట తెగిన రోజున యంత్రాలన్నీ పచ్చదీపాలు వెలిగించుకుని కూర్చున్నాయి. అప్పటినుంచి కట్ట సంగతిలో వాటి మాట చెల్లదని చట్టం. మా అమ్మా నాన్నా ఆ మడ్డిలోనే పోయారు. ఎనిమిదేళ్ళ నన్ను జుట్టు పట్టి బయటికి లాగింది కంబగిరి చిన్నాయన. రక్తసంబంధమేమీ లేదు. అయినా పెంచింది ఆయనే, పెళ్ళి చేసింది ఆయనే. పదకొండేళ్ళ కింద ఈ చెంబు నా చేతికిచ్చి వంద లెక్క నేర్పిందీ ఆయనే. ఆ ఏడాదే మోకాళ్ళ నొప్పులని పని మానేసి కొండ మీది ఎగువ లైనుకు మారాడు.

చూపు 4,111. మొదటి పగలు.
ఊట: 34. రంగు:

రంగు దగ్గర ఏం రాయాలో తెలియక కలం పట్టుకుని కూర్చున్నాను.

చెంబును నిన్న కళాయికి ఇచ్చాను. సాయంత్రానికల్లా ఇస్తానన్న పెద్దమనిషి ఇవ్వలేదు. అద్దపు పగలు మద్దిలేటి తన ఇంటి చెంబుతో గట్టెక్కి, పోతూ పట్టుకుపోయాడు. చూపు ఆపడానికి లేదు. ఇంట్లో ఆవకాయ అయిపోయిన గాజుసీసా ఉంటే, బూడిదేసి మూడుసార్లు తోమి తెచ్చాను.

ముంచాను. మైకు ముందు పెట్టుకున్నాను. ఒకటి. నీళ్ళు పలచని టీ రంగులో ఉన్నాయి. సీసా సరిగ్గా తోమలేదేమో అనుకున్నాను. పది. ఇరవై. సీసాలో ఏదో కిందికి దిగుతోంది. నలభై అయ్యేసరికి అడుగున వేలెడు మందాన బూడిదరంగు మడ్డి పేరుకుంది. పైన నీళ్ళు తేరుకుంటున్నాయి. అరవై, డెబ్బై, ఎనభై. నా నోరు దాని పాటికది లెక్కపెడుతూనే ఉంది. వందకు పైనీళ్ళు ముత్యంలా మెరుస్తున్నాయి.

"తేట" అని చెప్పేశాను. ఛీ, నా నోరు పడిపోను. కళ్ళెదురుగా మడ్డి పెట్టుకుని, అలవాటు కొద్దీ మైకులో తేట అన్నాను.

ఆ తరవాత నాలుగుసార్లు ముంచి చూశాను. నాలుగుసార్లూ అంతే. తేట నీళ్ళు ఊరితే కట్ట నీటిని మాత్రమే వదులుతోందని అర్థం. మడ్డి వస్తే కట్ట లోపలి మన్ను కూడా కొట్టుకొస్తోందని అర్థం. లోపల బొరియ పడుతోంది. అది పెరుగుతుందే కానీ తరగదు. ఏదో ఒక రోజున కట్ట కూర్చుండిపోతుంది. మడ్డి కనబడిన క్షణానే గని ఆపి లైను ఖాళీ చేయించాలని చట్టం. ఇవన్నీ నాకు నేర్పింది చిన్నాయనే. అదే నోటితో వంద లెక్కపెట్టమని, అడుగు నీళ్ళు చూడకుండా పారబోయమని కూడా నేర్పాడు. ఇత్తడి చెంబులో అడుగు కనబడదు.

4,111. అద్దపు పగలు.

సీసా కొంగులో చుట్టుకుని రెండు వందల మెట్లు ఎక్కాను. చిన్నాయన వసారాలో కూర్చుని మోకాళ్ళకు నూనె రుద్దుకుంటున్నాడు.

"రా మ్మే సుంకులూ. అన్నం తింటివా?"

"వంద ఎవురు పెట్టినారు చిన్నాయనా?"

"ఏం వంద?"

"చెంబు ముంచినంక వంద. పెద్దల కాలం నుంచి ఉండాదని, నువ్వు మైకులో కాకుండా మనసులో లెక్కబెడ్తాంటివని చెప్తివి నాకు. నీకు చూపు నేర్పినోళ్ళు వంద లెక్కబెట్టినారా?"

కొంగు విప్పి సీసా ఆయన ముందు పెట్టాను. అదేమిటని ఆయన అడగలేదు. అడగకపోయేసరికి నాకు సంగతి అర్థమైంది. అక్కడే గడప మీద కూర్చున్నాను.

"అప్పుడు అడుగున చిటికెడు మ్మే," అన్నాడు. "పిడికెడు గూడా కాదు, చిటికెడు. దానికి మడ్డి అని అరిస్తే గని ఆపుతారు. గని ఆగితే మనకు తాగేనీళ్ళిచ్చే మిషను ఆగుతాది. వాన మొగం చూసి ఎన్నేండ్లాయ? నాలుగు నూర్ల ఇండ్లోళ్ళు బిందెలెత్తుకోని యాడికి పోతారు? నీళ్ళు లేక సచ్చేకంటే..."

"మడ్డి కింద సచ్చేది మేలా?"

"పదకొండేండ్లు నిలబడింది గదా కట్ట!"

నిజం రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను. ఆ మాటకు ఒక్క నిమిషం నేనూ మెత్తబడ్డాను. ముసలాయన, పాపం, మా నీళ్ళ కోసమే కదా ఇంత భారం మోశాడు అనుకున్నాను. లేచి వచ్చేస్తుంటే ఆయన చేతిలో నూనె కనబడింది.

"చిన్నాయనా, మోకాళ్ళ నొప్పులని పని మానుకుంటివి. రెండు నూర్ల మెట్లుండే ఇల్లు యాల అడిగినావ్?"

ఆయన నూనెసీసాకు మూత పెట్టాడు. "ఈడ గాలి బాగుంటాది," అన్నాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంటారే, నా బతుకు అదే. చిటికెడు చూసిన రోజునే తన మంచం కొండ మీదికి చేర్చుకున్నాడు. ఏ పిల్లనైతే మడ్డిలోంచి లాగాడో ఆ పిల్లనే తీసుకొచ్చి కట్ట కింద కూర్చోబెట్టాడు. అబద్ధం చెప్పడానికి నా నోరు వాడుకున్నాడు. అడిగితే తెలిసే చెప్పేదాన్నేమో, ఆయన కోసం ఏమైనా చేసేదాన్ని. అడగను కూడా అడగలేదు. మెట్లు దిగుతూ ఏడ్చాను, దారిలో ఎవరో పలకరిస్తే కంట్లో దుమ్ము పడిందన్నాను.

చూపు 4,112. మొదటి పగలు.
ఊట: 38. రంగు: మడ్డి.

సీసాతో ముంచాను. పిల్లలు అప్పుడే "ఒకటి" అని అందుకున్నారు. లెక్కపెట్టలేదు. మైకు దగ్గరికి లాక్కుని "మడ్డి, మడ్డి, మడ్డి" అని మూడుసార్లు చెప్పాను. కూత మోగింది. గని ఆగింది. దానితోబాటు నీళ్ళ మిషనూ ఆగింది. జనం మూటలు కట్టుకుని రోడ్డెక్కారు. అంతవరకూ బాగానే ఉంది.

మేనేజరు చట్టం పుస్తకం పట్టుకుని వచ్చాడు. రెండో మనిషి కూడా చూసి చెబితేనే మొదటి మనిషి మాట ఖాయమట. రెండో మనిషి మద్దిలేటి. ఆరేళ్ళ కింద అతనికి పని నేర్పింది నేను. నలభై దాటిన మనిషి, ఇంతవరకూ ఒక్క చూపు ఎగ్గొట్టినవాడు కాదు. కళాయివాడు చెంబు అప్పుడే తెచ్చిచ్చాడు. కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది, పాడు చెంబు.

మద్దిలేటి ముంచాడు. లెక్క మొదలుపెట్టాడు.

"లెక్కబెట్టొద్దు మద్దిలేటీ! ఇప్పుడే వంచి చూడు!" అని అరిచాను. మేనేజరు నన్ను పక్కకు జరిపించాడు. వంద అయింది. గ్లాసులోకి వంచాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి.

"అడుగు చూడు! పోయొద్దు, అడుగు చూడప్పా!"

"ఊట వాటా ఊటకు," అని మద్దిలేటి మిగిలిన నీళ్ళు పోసేశాడు. నేను నేర్పింది నేర్పినట్టే, ఒక్క ముక్క తప్పకుండా చేశాడు.

ఇద్దరి మాటలు కలవలేదు కాబట్టి పెద్దచూపును, అంటే మాకంటే ముందు చూపు చూసిన మనిషిని, పిలవాలన్నారు. పెద్దచూపు ఇంకెవరు, చిన్నాయనే. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. ఎందుకు దాచుకోవాలి, ఆ చూపుకు నాకు ఆశ పుట్టింది. ఇంతమంది పిల్లాపాపల్ని ఎదురుగా చూశాక కూడా అబద్ధమాడతాడా అనుకున్నాను. ఆయన చెంబు ముంచి, కళ్ళు మూసుకుని, వందా లెక్కపెట్టాడు.

"తేట," అన్నాడు.

నా సీసా ఎత్తి చూపించాను. ఎదురింటి గంగులమ్మ మూట నడుమున పెట్టుకుని ముందుకొచ్చింది. "ఆవకాయ సీసాలో ముంచితే మడ్డి గాక మల్లెపూలు కనబడతాయా?" అంది. జనం విరగబడి నవ్వారు. నవ్వు అయ్యాక కోపాలు మొదలయ్యాయి. నా మూలాన ఒక పూట నీళ్ళు పోయాయి మరి. పెంచినాయన్నే బజారుకీడ్చానని, తిన్నింటి వాసాలు లెక్కబెట్టే రకమని తిట్టారు. చిన్నాయన ఎవరినీ ఆపలేదు.

నన్ను పనిలోంచి తీసేశారు. రెండు పగళ్ళ చూపూ ఇక మద్దిలేటిదే. పుస్తకం ఇచ్చి పొమ్మన్నారు. కొత్తది కొనుక్కోమన్నాను.

చూపు నాది కాదు. మర్నాడు, మొదటి పగలు.
ఊట: బోర్డు మీద 47. రంగు నన్నెవరు అడుగుతారు?

ఇదంతా కొండ మీద కూర్చుని రాస్తున్నాను.

అద్దం దిగి సూర్యుడు ఇంకా ఎక్కకముందే కట్ట పాదం వెంబడి నడిచాను. కంచెకు ఇవతల, పొడి నేలలో, అయిదారు చోట్ల నీళ్ళు ఉడుకుతున్నట్టు బుడబుడమంటున్నాయి. ఒక్కో దాని చుట్టూ చీమలపుట్టలాగా బూడిద మన్ను పేరుకుంది. నిన్న ఇవి లేవు. ఇక గంటల లెక్కే కానీ రోజుల లెక్క కాదని తెలిసింది.

మద్దిలేటి అద్దపు చూపు ముగించుకుని కట్ట దగ్గరి చూపు గుడిసె ముందే పళ్ళు తోముకుంటున్నాడు. కాళ్ళావేళ్ళా పడ్డాను.

"పైకి పోదాం రా మద్దిలేటీ. కట్ట పోతాది ఈ పొద్దు."

"ఏందక్కా నువ్వు! పెద్దాయనే తేట అన్యాడు గదా."

"ఆయన అబద్ధం చెప్పినాడు. వంద లెక్కబెట్టేదే మడ్డి దాచేదానికి."

అతని మొహం చిన్నబోయింది. "అట్లనొద్దక్కా. ఇది నేర్పించేటప్పుడు నా చేత ఊట ముట్టించి ప్రమాణం జేయిస్తివి నువ్వు. మరిస్తివా?"

"మరచలేదు. ఆ ప్రమాణం నేనే తీసేస్తాండా. రా."

"ఎనిమిదికి చూపు చెప్పల్ల. చెప్పకుండా పోతే జనం యాడ భయపడతారో. వంద అయినంక వస్తా, నీ మాట ఎందుకు కాదనల్ల. వంద అయినంక."

అతన్ని రెక్క పట్టి లాక్కుపోయేంత బలం నాకు లేదు, లైనంతా ఇంకా నిద్ర లేవలేదు. నిజం చెబితే మళ్ళీ నవ్వుతారు. తిన్నగా గంగులమ్మ గుమ్మంలోకి పోయాను. ఆమె చెవిన పడిన మాట మైకుకంటే ముందు ఊరు తిరుగుతుంది.

"గంగులొదినా, నిన్న నా మూలాన నీళ్ళు పోయినాయి గదా. ఆఫీసోళ్ళు ఎగువ ట్యాంకు కాడ టోకెను ల్యాకుండా నీళ్ళు పోస్తారంట ఈ పొద్దు. తలకు రెండు బిందెలు. తల కనబడితేనే పోసేది, ఇంటికాడ ఉండోళ్ళకు ల్యా. ఎనిమిది లోపలే. ఎవురికీ చెప్పొద్దులే, మళ్ళ గుంపు అయితాది."

"అయ్యో, నాకెందుకు, నేనెవురికి చెప్తా!" అంటూనే ఆమె కాలు గడప దాటింది.

అరగంటలో దిగువ లైను మొత్తం కదిలింది. చంటిపిల్లల్ని చంకనేసుకున్నారు, తల లెక్కకు వస్తుందని. లేవలేని ముసలివాళ్ళను మంచాలతో సహా మోసుకొచ్చారు, వాళ్ళదీ తలే కదా అని. నిన్న పుట్టిన పసిగుడ్డును బాలింత కొంగులో చుట్టుకుని మెట్లెక్కింది. ఇల్లిల్లూ తొంగిచూసి, చివరి మనిషి వెనకాలే నేనూ ఎక్కాను.

పైన ట్యాంకు కాపలావాడు తనకు ఏ ఆర్డరూ రాలేదంటాడు. జనం వాడి మీద పడ్డారు. కొందరు తిరిగి దిగిపోతామన్నారు. "ఆర్డరు వస్తాండాది, వరస తప్పితే పోయరంట," అని ఒక్కొక్కరి చేయీ పట్టుకుని ఆపాను. అప్పుడు మళ్ళీ దిగి మద్దిలేటిని పట్టుకురావాల్సింది నేను. నేను కదిలితే నా అబద్ధం కూలిపోతుందని వరసలోనే ఉండిపోయాను. ఆ వరసలో చిన్నాయన కూడా ఉన్నాడు. ఉచితంగా నీళ్ళంటే నమ్మి, బిందె పట్టుకుని కర్ర ఊతతో నిలబడ్డాడు. నన్ను చూశాక ఆయన బిందె మెల్లగా కింద పెట్టాడు.

ఎనిమిదికి స్తంభం మీది మైకు పలికింది. "ఒకటి," అన్నాడు మద్దిలేటి. వరసలోని పిల్లలంతా అందుకున్నారు. రెండు, మూడు, నాలుగు. నేను వరసను తోసుకుంటూ మెట్ల వైపు పరిగెత్తాను. పై మెట్ల నిండా మంచాలూ బిందెలూ మనుషులే. రెండు వందల మెట్లు. యాభై మెట్లు దిగేసరికి వాళ్ళు అరవై దాటారు.

డెబ్బై ఒకటి దగ్గర మైకు ఆగిపోయింది.

"కరెంటు పోయిందేమో," అన్నారెవరో పైన. పిల్లలు ఆగలేదు. వాళ్ళకు వంద అయ్యేదాకా ఆగడం తెలియదు. డెబ్బై రెండు, డెబ్బై మూడు. డెబ్బై ఎనిమిది దగ్గర కింద నేల కదిలింది. కట్ట పాదం ముందు కూర్చుంది, ఆ వెనకే నడుము విరిగింది. బూడిదరంగు మడ్డి దిగువ లైను మీదికి నడిచొచ్చింది. మా ఇంటి కప్పు ఒక్క క్షణం కనబడి మునిగిపోయింది. అరుపులు, ఏడుపులు. నేను మళ్ళీ పైకి ఎక్కాను.

తలలు లెక్కపెట్టారు. నీళ్ళ కోసం వచ్చిన తలలన్నీ ఉన్నాయి. ఒక్కటే తక్కువ.

చిన్నాయన కర్ర తాటించుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. "చూస్తివా మ్మే. నువ్వు గూడా అబద్ధం చెప్పే బతికించినావ్ వీళ్ళను. నేను జేసింది గూడా అదే," అన్నాడు.

"నా అబద్ధానికి వీళ్ళు పైకొచ్చినారు. నీ అబద్ధానికి పదకొండేండ్లు కిందనే ఉండిరి."

నా తల మీద చేయి పెట్టబోయాడు. పక్కకు జరిగాను. ఆ చేయి కాసేపు అలాగే గాల్లో ఉంది, తరవాత కర్ర మీదికి పోయింది.

అంతలో ఉరుకుందమ్మ వచ్చింది, మద్దిలేటి భార్య. రెండు బిందెలు తెచ్చుకుంది, తనకొకటి, అతనికొకటి. ఆమె ఏడవడం లేదు. ఇంకా అర్థం కాలేదేమో.

"అక్కా, పొద్దున మాయప్ప కాడికి పోయింటివంట గదా. చెప్పినావా కట్ట పోతాదని?"

"చెప్పినా."

"ఏమన్యాడు?"

"వంద అయినంక వస్తానన్యాడు."

"ఆ వంద ఏందక్కా?" అంది. "ప్రాణం పోతాంటే గూడా లెక్కబెట్టే ఆ వంద ఎవురు నేర్పిరి మాయప్పకు?"

చిన్నాయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. అటు వేలు చూపిస్తే జనమంతా నమ్మేవాళ్ళు, ఈసారి నమ్మేవాళ్ళు. ఆయన తల దించుకుని, అదే జరుగుతుందని కాచుకున్నట్టు నిలబడ్డాడు.

మద్దిలేటికి నేర్పింది మాత్రం ఆయన కాదు.

"నేనే నేర్పినా ఉరుకుందూ," అన్నాను.